ముగ్గులో పడ్డ పండితుడు

అబూ హలీఫా, కువైట్
18 అక్టోబర్ 2024, శుక్రవారం

అక్కకు,

శ్యాంసుందర్ దండం పెట్టి రాస్తున్నాడు. ఇక్కడ నా ఒళ్లు బాగానే ఉంది. బుద్ధి సంగతి ఈ ఉత్తరం చివరిదాకా చదివి నువ్వే చెప్పాలి.

మొన్న ఫోన్ చేసి "తిన్నవా?" అని అడిగితే నువ్వు "ఎవరు సచ్చిన్రు?" అన్నావు. తర్వాత నేను అరిచిన అరుపుకు మా గదిలో కునుకు తీస్తున్నవాళ్లు లేచి కూర్చున్నారు. ఇక నీ చెవులకు ఫోన్ పనికిరాదని నీ కోడలు కూడా చెప్పింది. అందుకే ఈ పద్ధతి. నేను కాగితం మీద రాసి, ఫొటో తీసి కోడలి ఫోనుకు పంపుతాను. నువ్వు రాసింది ఆమె ఫొటో తీసి నాకు పంపుతుంది. పండితుడన్నవాడు ఉత్తరాలు రాయడమే గౌరవం. నవ్వకు.

పండితుడని ఎవరన్నారంటావా, ఇక్కడ అందరూ అంటారు. కాకపోతే అనేటప్పుడు మొహం పక్కకు తిప్పుకుంటారు. పగలంతా అహ్మదిలో కాంట్రాక్టరు స్టోరులో కూర్చుని బూట్లూ చేతి తొడుగులూ ఇచ్చే మనిషిని. సాయంత్రం కంపెనీ బస్సు దింపాక గణిత శాస్త్రజ్ఞుణ్ని. శుక్రవారాలు జానపద పరిశోధకుణ్ని. పదో తరగతిలో లెక్కల్లో నాకు వచ్చిన మార్కులు నీకు గుర్తుంటే ఎవరికీ చెప్పకు. మిర్కాబ్‌లో పాత పుస్తకాలు అమ్మే మలయాళీ దగ్గర కాలేజీ లెక్కల పుస్తకాలు కొని, వెనక పేజీల్లో జవాబులు చూసుకుంటూ నేర్చుకున్నాను. నిరుడు ప్రధాన సంఖ్యలన్నిటినీ వరుసగా పుట్టించే సూత్రం ఒకటి కనిపెట్టి, మనవాళ్ల సభలో స్టేజీ ఎక్కి చెప్పాను. అది కొంతదూరం బాగానే పోయి పట్టాలు తప్పింది. సభలో టీ మాత్రం బాగుంది.

ఈసారి అట్లా కాదు. ఈసారి ముగ్గులు.

మెలికల ముగ్గు నీకు నేను చెప్పాలా? చుక్కలు పెట్టి, ఒక్కో చుక్క చుట్టూ గీతను తీగలా తిప్పుకుంటూ పోతాం. కొన్ని ముగ్గులు ఒక్క గీతతోనే పూర్తయి, మొదలుపెట్టిన చోటికే వచ్చి కలుస్తాయి. కొన్నిటికి రెండో గీత, మూడో గీత కావాలి. అదంతా చెయ్యి తిరిగినతనం అనుకునేవాణ్ని. కాదక్కా, సంఖ్యలోనే ఉంది. చుక్కలు అడ్డంగా ఎన్ని, నిలువుగా ఎన్ని? ఆ రెంటినీ శేషం లేకుండా భాగించే పెద్ద సంఖ్య ఏదో, అన్ని గీతలు పడతాయి. బడిలో గసాభా అని ఏడిపించారే, అదే ఇది. నాలుగు వరుసల్లో ఐదేసి చుక్కలు పెడితే ఒకటే గీత. నేను ఎన్ని కాగితాలు ఖరాబు చేసినా ఇది తప్పలేదు. లోకంలో ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం.

ఇదంతా రెడ్డెమ్మ వల్లనే. ఆమె ముగ్గు వేస్తుంటే చూడాలక్కా. చెయ్యి ఎక్కడా తొణకదు. కొన్నాళ్లుగా నాకు వేరే ధ్యాస లేదు. స్టోరులో ఎడమకాలి బూట్లు రెండు ఇచ్చి పంపిస్తున్నాను. కళ్ల ముందు ఆమె మెలికలే.

ఇంకా ఎవరూ గుర్తించని నీ తమ్ముడు,
శ్యాంసుందర్


మెట్‌పల్లి
27 అక్టోబర్ 2024

తమ్మీ శ్యామూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. లెక్కల భాగం ఒక్కసారే.

కోడలు చెవి మిషను తెచ్చి పెట్టింది. పెట్టుకుంటే తునికాకు కత్తిరించే చప్పుడు కూడా ఉరిమినట్టుంది. తీసి డబ్బాలో దాచాను. బీడీలు చుట్టేటప్పుడు పక్కన ఆడవాళ్లు ఏవేవో చెప్పుకుని నవ్వుతారు, తెలియకపోయినా నేనూ నవ్వుతాను. మొన్న నేను నవ్వితే అందరూ నా వంక అదోలా చూశారు. ఎవరో పోయిన సంగతి చెప్పుకుంటున్నారట.

ఇక అసలు మాట. ముగ్గులో చుక్కలుంటాయని నువ్వు ఇప్పుడు కనిపెట్టావు. ముగ్గులోకి మగవాళ్లు దిగుతారని మాకు ముందే తెలుసు. మరదలు భాగ్యలత పోయినప్పటి నుంచి నిన్ను ఎంత బతిమాలాను? ఇంకొకరిని చూసుకోమంటే గోడ వైపు తిరిగి పడుకునేవాడివి. ఇప్పుడు నీ నోటితో నువ్వే ఒక ఆడమనిషి పేరు రాశావు, వేరే ధ్యాస లేదని కూడా రాశావు. నాకు ఎంత సంతోషమైందో, మిషను పెట్టుకోకుండానే కోయిల కూత వినబడింది.

అడుగుతున్నందుకు కోపం తెచ్చుకోకు. రెడ్డెమ్మ ఎవరి పిల్ల? వయసెంత? ఆమెకు ముందు ఎవరన్నా ఉన్నారా? మనతో కలుస్తారా? కలవకపోయినా నాకు పట్టింపు లేదు. అన్నీ వివరంగా రాయి.

మీ అక్క,
గంగామణి


అబూ హలీఫా
8 నవంబర్ 2024, శుక్రవారం

అక్కా,

నీ ముందు నా పరిశోధన దిగదుడుపే. కథ చెప్పినవాళ్ల ఊరు, వయసు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఇవన్నీ ముందు రాసుకోవాలని జానపద విజ్ఞానం పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది. నేను ఆ పేజీ దాటేసి పోయాను. నువ్వు పుస్తకం చూడకుండానే అడిగావు.

రాస్తున్నాను, చూడు. ఊరు రాయచోటి దగ్గర పల్లె. వయసు నలభై లోపు. ఫింటాస్‌లో ఒక కువైటీ ఇంట్లో వంట చేస్తుంది. ముందు ఎవరున్నారని అడిగావు. వాళ్ల అవ్వ గురమ్మ ఉండేది, ముగ్గులూ కథలూ అన్నీ ఆమె దగ్గరే నేర్చుకుంది. కలుస్తాయా అంటే, బ్రహ్మాండంగా కలుస్తాయి. నేను చూసినంతవరకు వాళ్లకూ మనకూ పేర్లలోనే తేడా.

గురమ్మవ్వ చెప్పిన కథ ఒకటి విను. దయ్యానికి ఇంటి దారి తెలియదట. వాకిట్లో గీత కనబడితే దాన్ని పట్టుకుని నడుస్తుందట. గీతకు ఎక్కడన్నా కొస మిగిలిపోతే, ఆ కొస దగ్గర నుంచి తిన్నగా ఇంట్లోకి నడిచి వస్తుంది. గీత కలిసిపోయి ఉంటే తిరిగిన దారినే మళ్లీ మళ్లీ తిరిగి, తెల్లారేసరికి సిగ్గుపడి వెళ్లిపోతుంది. అందుకే ముగ్గు కలపకుండా లేవకూడదట. చూశావా, ఒక పక్క గసాభా, ఒక పక్క దయ్యం. నా జీవితంలో గణితమూ జానపదమూ ఒక వాకిట్లో కలవడం ఇదే మొదలు.

మొదట మా గదిలోనే మంచాల మధ్య జాగాలో పిండితో వేసి చూశాను. పక్క మంచం కొమురెల్లి స్నానం చేసి తడికాళ్లతో వచ్చి దానిమీద జారాడు. ముగ్గు చాలా అందంగా వాడి వీపుమీద పడింది. నాలుగు మంచాలవాళ్లూ కలిసి నన్ను, పిండిని బయటికి పంపారు. అప్పటి నుంచి రెడ్డెమ్మకే చెప్పాను, ఆ కువైటీ ఇంటి వెనక వాకిట్లో వేసి ఫొటో తీసి పంపమని. అక్కడ నల్ల బండలు, పిండి బాగా కనబడుతుంది.

ఇంకో సంతోషం. మేమిద్దరం మాట్లాడుకున్నాం. రెడ్డెమ్మ మొదట సిగ్గుపడి వద్దంది, తర్వాత ఒప్పుకుంది. కొత్త సంవత్సరంలో ఇద్దరి పేర్లూ పక్కపక్కనే అచ్చు వేయిస్తాను. నీకు మొదటిది పంపుతాను.

కొమురెల్లి సెలవు మీద ఊరికి వస్తున్నాడు, నిన్ను చూసిపోతాడు. వాడు నా గురించి ఏం చెప్పినా సగమే నమ్ము. వీపు ఇంకా నొప్పిగా ఉందట.

నీ తమ్ముడు,
శ్యాంసుందర్


మెట్‌పల్లి
20 నవంబర్ 2024

తమ్మీ,

కార్డు మీద మన అమ్మానాన్నల పేర్లు కూడా వేయించు, మరిచిపోకు.

కొమురెల్లి వచ్చాడు. రెడ్డెమ్మ ఎట్లాంటిదని అడిగాను. చేతులు ఊపుతూ చాలాసేపు ఏదో చెప్పాడు. నాకు ఒక్క ముక్క వినబడలేదు, నవ్వుతూ తల ఊపాను. వాడు కాసేపు చూసి వాడూ నవ్వాడు. మంచి మనిషేనని అర్థమైంది.

గోధుమరంగు అంచున్న ఆకుపచ్చ చీర ఒకటి, గాజులు, పసుపు కుంకుమ గుడ్డ సంచిలో పెట్టి కుట్టి వాడికిచ్చాను. రెడ్డెమ్మ చేతికే ఇవ్వమన్నాను. లోపల చిన్న చీటీ రాసి పెట్టాను. పెళ్లి అక్కడ చేసుకుంటారా, ఇక్కడికి వస్తారా? మేనత్తలకు చెప్పాను. బీడీల దగ్గర కూడా చెప్పాను. చాలా ఏళ్ల తర్వాత నేను చెప్పేది అందరూ చేతిలో పని ఆపి విన్నారు.

కళ్లు మూసుకుంటే నీ ఇంట్లో దీపం కనబడుతోంది.

మీ అక్క,
గంగామణి


అబూ హలీఫా
6 డిసెంబర్ 2024, శుక్రవారం

అక్కా,

ఈ ఉత్తరం ఎక్కడ నుంచి మొదలుపెట్టాలో తెలియక చాలాసేపు కలం నములుతూ కూర్చున్నాను.

పుల్లయ్య అని మా కంపెనీ బస్సు నడుపుతాడు. రాయచోటివాడు. నాకు బాగా కావలసిన మనిషి. రెడ్డెమ్మ అతని భార్య. ఈ మాట మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది. నాలుగు, ఐదుల గసాభా రాశాను గాని ఇది రాయలేదు. పేర్లు పక్కపక్కన అచ్చు వేయించేది పెళ్లికార్డు మీద కాదు, పుస్తకం మీద. నీ ఉత్తరాలు మళ్లీ తీసి చదివాను. నువ్వు అడిగిన ప్రతి మాటా నేరుగానే ఉంది. మరి నాకెందుకు అర్థం కాలేదంటే, పండితుణ్ని గనక.

నిన్న సాయంత్రం కొమురెల్లి సంచి తెచ్చి, "గిది రెడ్డెమ్మకియ్యమన్నది మీ అక్క" అని బస్సులోనే పుల్లయ్య ఒళ్లో పెట్టాడు. పుల్లయ్య కుట్లు విప్పాడు. చీర తీశాడు, గాజులు తీశాడు, చీటీ తీసి చదివాడు. అందులో నువ్వు "నా మరదలికి" అని రాశావు. బస్సు నిండా జనం. పుల్లయ్య నా వైపు తిరిగి చాలా మర్యాదగా అన్నాడు:

"శ్యామన్నా, నీకు పెండ్లంట గదా. పెండ్లికూతురు మా యింటిదేనంట."

నేను ఏం చెప్పానో నాకే తెలియదు. గసాభా గురించి ఏదో చెప్పినట్టున్నాను. పుల్లయ్య మొహం బిగించుకుని కొంతసేపు చూసి, ఇక ఆపుకోలేక స్టీరింగు మీద పడి నవ్వాడు. బస్సంతా నవ్వింది. నన్ను చూసి మనుషులు నవ్వడం కొత్త కాదు గాని, ఇంతమంది ఒక్కసారే నవ్వడం మొదటిసారి.

ఆ నవ్వులోనే పుల్లయ్యకు ఫోన్ వచ్చింది. రెడ్డెమ్మ వాళ్ల పక్కింట్లో పనిచేసే వెంకటేశ్వరి. ఆమె చెప్పింది వింటూ అతను నవ్వడం ఆపేశాడు.

జరిగింది ఇది. రెడ్డెమ్మ పనిచేసే ఇంటి యజమానురాలిని మామా అంటారు. ఆమె కోడలికి నెలలు నిండకుండానే నొప్పులొస్తే ఆస్పత్రిలో చేర్చారు. ఇల్లంతా హడలిపోయి ఉంది. ఆ పొద్దునే మామా వెనక వాకిట్లోకి వచ్చి బండల మీద తెల్లని మెలికలు చూసింది. ఇదేమిటని అడిగింది. రెడ్డెమ్మకు వచ్చింది వంటింటి అరబ్బీ. ఆ మాటలతోనే అవ్వ కథ చెప్పబోయింది. దయ్యానికి ఆమెకు తెలిసిన మాట జిన్. జిన్ వస్తుంది, గీత మీద నడుస్తుంది, ఇంట్లోకి రాదు అని చెప్పాననుకుంది. ఆ 'రాదు' అన్నది మామాకు చేరలేదు. కోడలి మీద ఎవరో చేతబడి చేయించారని మామా కూలబడి ఏడ్చిందట. ఎవరు వేయమన్నారంటే రెడ్డెమ్మ నోరు విప్పలేదు. ఫోన్ తీసుకుని ఆమెను గదిలో ఉంచారు. ఏజెంటును పిలిపించి ఊరికి పంపేయాలా, పోలీసులకు చెప్పాలా అని ఇంట్లో మాట్లాడుకుంటున్నారు.

"సిహర్, అదే చేతబడంటే ఈడ శానా పెద్ద మాటన్నా," అన్నాడు పుల్లయ్య. అంతకుమించి నన్ను ఏమీ అనలేదు.

వేయమన్నది నేను. ఫొటో పంపమన్నది నేను. నేను పోయి ఆ మాట చెబితే, చేతబడి మనిషిని నేనే అవుతాను. నా ఇఖామా, అదే ఇక్కడుండే పర్మిట్టు, పోవచ్చు, ఇంకా ఏమైనా కావచ్చు. పుల్లయ్య వచ్చే శుక్రవారం ఆ ఇంటికి పోతానంటున్నాడు. నన్ను రమ్మనలేదు, వద్దనలేదు. నేను గదిలో కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను, ఎంత ధైర్యమో చూడు.

శ్యాంసుందర్


మెట్‌పల్లి
8 డిసెంబర్ 2024

తమ్మీ,

పెళ్లి సంగతి తర్వాత తిట్టుకుందాం.

ఆమె నీ మాట విని వేసింది. ఇంత జరిగినా నీ పేరు చెప్పలేదు. పుల్లయ్యను ముందు నిలబెట్టి నువ్వు వెనక నిలబడకు. నువ్వే పోయి, నేనే అడిగినానని చెప్పు. వాళ్లు నమ్మితే నమ్మనీ, లేకపోతే లేదు. చెప్పకుండా గదిలో కూర్చుంటే మాత్రం రేపు నువ్వు రాసే ఏ పుస్తకమూ నేను చదవను.

ఇఖామా పోతే ఇంటికి రా. బీడీలు చుట్టడం నేర్పుతాను. నీ వేళ్లకు అదీ రాదనుకో, ఆకులన్నా తడుపుతావు.

చీర వెనక్కి పంపకు. నేను ఆమె పేరు తలచుకుని కొన్నది, ఆమెకే.

గంగామణి


అబూ హలీఫా
15 డిసెంబర్ 2024

అక్కా,

పోయాను. తిరిగి వచ్చాను కూడా. మొత్తం రాస్తాను, ఆగి చదువు.

శుక్రవారం నమాజు అయ్యాక పుల్లయ్యా నేనూ ఫింటాస్‌లో ఆ ఇంటికి చేరాం. ఉన్నవాటిలో మంచి చొక్కా వేసుకున్నాను. చేతిలో బియ్యప్పిండి పొట్లం. ముగ్గు అంటే ఏమిటో వేసి చూపించి, అది లెక్క తప్ప ఇంకేమీ కాదని నిరూపిద్దామని నా పథకం. తలుపు తీసిన పెద్దకొడుకు నా చేతిలో తెల్లపొడి చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. చేతబడి జరిగిందని అనుమానమున్న ఇంటికి పొడి పట్టుకుపోయిన పండితుణ్ని నేనే. పొట్లం గేటు బయట పెట్టించాడు.

మగవాళ్లు కూర్చునే పెద్ద గదిలో కూర్చోబెట్టారు. టీ ఇచ్చారు. బాబా, అంటే ఇంటి యజమాని, ఒక పక్క. పెద్దకొడుకు ఒక పక్క. తలుపు దగ్గర కుర్చీలో మామా. బాబా తల్లి బాగా పెద్దామె, చక్రాల కుర్చీలో మధ్యలోకి వచ్చి కూర్చుంది. నాకు వచ్చిన అరబ్బీ స్టోరు అరబ్బీ. బూటు సైజు ఎంత, ఖలాస్ అయిపోయాయి, రేపు రా. పెద్దకొడుకుకు ఇంగ్లీషు బాగా వచ్చు. నాది లెక్కల పుస్తకాల ఇంగ్లీషు. దాంతో నిరూపించవచ్చు గాని క్షమించమని అడగడం రాదు.

అయినా ముందు నీ మాటే చెప్పాను. "నేను అడిగితేనే ఆమె వేసింది. కథ కూడా నా కోసమే గుర్తు చేసుకుంది. తప్పు ఏదన్నా ఉంటే నాది" అన్నాను. పెద్దకొడుకు అరబ్బీలో చెబుతుంటే అందరూ నా మొహం చూశారు. పుల్లయ్య నేల చూశాడు. అడిగింది నేనేనని తెలిశాక మామా కళ్లలో రెడ్డెమ్మ మీద ఉన్న భయం నా మీదికి మారడం నాకు తెలిసిపోయింది. నా మోకాళ్లు కొట్టుకుంటున్న చప్పుడు నీ చెవులకు కూడా వినబడేదే.

కోడలు ఎట్లా ఉందని పుల్లయ్య అడిగాడు. ఆ మాట నేనే ముందు అడగాల్సింది, నాకు తోచలేదు. కాన్పు అయిందట. బిడ్డ చిన్నగా పుట్టినా ఊపిరి బాగా తీసుకుంటోందట, తల్లి లేచి కూర్చుందట. చెబుతూ మామా కళ్లు తుడుచుకుంది.

అప్పుడు బాబా, చూపించు, నీ లెక్క ఏమిటో అన్నాడు. పాత ఫ్రిజ్ అట్టపెట్టె ఒకటి విప్పి నేలమీద పరిచారు, లావుపాటి మార్కరు ఇచ్చారు. నేను మోకాళ్ల మీద కూర్చుని చుక్కలు పెట్టాను. ఇక చూడండి, మార్కరు ఎత్తకుండా ఒకే గీతతో అన్ని చుక్కలూ చుట్టి, మొదలుపెట్టిన చోటికి వస్తాను, ఇందులో జిన్ లేదు, హిసాబ్ ఉంది అన్నాను. హిసాబ్ అంటే వాళ్లకూ లెక్కే, మనకూ లెక్కే. ఆ ఒక్క మాట నేరుగా చేరింది. అందరూ ముందుకు వంగారు.

మొదలుపెట్టాను. మెలిక తిప్పాను, మళ్లీ తిప్పాను. చెమట అట్టమీద పడుతోంది. గీత వచ్చి మొదటి చుక్క దగ్గర చక్కగా కలిసింది. తల ఎత్తి నవ్వాను. ఎవరూ నవ్వలేదు. అట్టవైపు చూస్తే చాలా చుక్కల చుట్టూ గీత సగమే తిరిగి, రెండో పక్క ఖాళీగా ఉంది.

నా ప్రాణం పోయింది. ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా తప్పని లెక్క, తప్పకూడని చోట తప్పింది. ఆగండి ఆగండి అని ఖాళీగా ఉన్న చోట ఇంకో గీత మొదలుపెట్టాను. అది కూడా తన మానాన తాను తిరిగి కలిసింది. "రెండు వచ్చాయి" అన్నాను తెలుగులో, ఎవరికి చెబుతున్నానో తెలియకుండా. ఎందుకొచ్చాయని పెద్దకొడుకు ఇంగ్లీషులో అడిగాడు. తెలియదన్నాను. ఆ ముక్క మాత్రం నా ఇంగ్లీషులో చాలా స్పష్టంగా వచ్చింది.

ముందు ఆ పెద్దామె నవ్వింది. పళ్లు లేని నోటితో, భుజాలు కదిలిపోయేట్టు నవ్వింది. ఏదో అంది. బాబా నవ్వాడు. పెద్దకొడుకు నవ్వు ఆపుకుంటూ నాకు చెప్పాడు: "మా నానమ్మ అంటోంది, మంత్రగాడైతే తన గీత ఎటు పోతుందో వాడికన్నా తెలియాలి కదా అని."

మామా నవ్వలేదు. అట్టనూ నన్నూ చాలాసేపు చూసింది. మార్కరు సిరా నా మొహానికి కూడా అంటి ఉందని తర్వాత పుల్లయ్య చెప్పాడు. చివరికి ఆమె ఊపిరి వదిలి లోపలికి పోయి రెడ్డెమ్మను తీసుకొచ్చింది. ఫోన్ ఆమె చేతిలో పెట్టింది. ఇకమీదట ఈ ఇంట్లో నేలమీద ఏ గీతా గీయకూడదు, ఏ పొడీ చల్లకూడదు అంది. రెడ్డెమ్మ తల ఊపింది. పనిలో ఉండమన్నారు, ఏజెంటును వద్దన్నారు. తర్వాత మామా వంటింట్లోకి పోతూ రెడ్డెమ్మ భుజం మీద చెయ్యి వేసింది. అది నేను చూశాను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆ అట్టను తలచుకుంటూ చుక్కలు లెక్కపెట్టుకున్నాను. వరుసకు ఐదు పెట్టాల్సింది, కంగారులో ఆరు పెట్టాను. నాలుగు, ఆరు. గసాభా రెండు. రెండు గీతలే రావాలి, రెండే వచ్చాయి. నా సిద్ధాంతం అక్షరాలా నిజమైంది అక్కా. నిండు సభలో నేను నిజం నిరూపిస్తే అక్కడ ఎవరికీ తెలియలేదు, నాకు కూడా. సీట్లోంచి లేచి పుల్లయ్యకు చెప్పబోయాను. అతని మొహం చూసి మళ్లీ కూర్చున్నాను.

నీ తమ్ముడు,
శ్యాంసుందర్


మెట్‌పల్లి
28 డిసెంబర్ 2024

తమ్మీ శ్యామూ,

నువ్వు పోయినందుకు ఒక పూట కడుపునిండా తిన్నాను. పెళ్లి ఏమైందని మేనత్తలు అడిగితే, పెళ్లికూతురికి మొగుడున్నాడని తేలిందని చెప్పాను. అంతకన్నా తక్కువ మాటల్లో చెప్పడం నాకు చేతకాలేదు. ఇక్కడ నీ పరువు కోసం వెతకకు.

ఒక సంగతి అడుగుతాను. అంత పెద్ద ఉత్తరం రాశావు. నీ చొక్కా ఉంది, నీ చెమట ఉంది, నీ మోకాళ్లున్నాయి, చివరికి నీ గసాభా కూడా గెలిచింది. రెడ్డెమ్మ మాట ఒక్కటీ లేదు. ఆమె ఏమంది?

గంగామణి


అబూ హలీఫా
24 జనవరి 2025, శుక్రవారం

అక్కా,

నీ ఉత్తరానికి ఇన్నాళ్లు జవాబు రాయలేదు. రాయడానికి ఆమె మాట లేదు గనక. రెడ్డెమ్మ నాతో మాట్లాడలేదు. సెలవు రోజున ఆమె పుల్లయ్య బంధువుల గదికి వచ్చింది గాని, నేనూ వచ్చానని తెలిసి లోపలే ఉండిపోయింది.

ఈలోగా హైదరాబాదులో లెక్కల ప్రొఫెసరు ఒకాయనకు నా సిద్ధాంతం పంపాను. ఆయన ఎంతో మర్యాదగా జవాబు రాశాడు. మీరు కనుక్కున్నది నిజమే, చాలా ఏళ్ల క్రితమే వేరే దేశాల ఇసుక బొమ్మల మీద పనిచేసినవాళ్లు రుజువుతో సహా రాసిపెట్టారు, సొంతంగా చేరుకున్నందుకు అభినందనలు అన్నాడు. అభినందనలు అన్న మాట దగ్గర కాసేపు కూర్చున్నాను. తర్వాత లేచి పప్పు పొయ్యిమీద పెట్టాను. పుల్లయ్య ఇప్పుడు నన్ను పండితుడు అనడం మానేశాడు. ఆ ఇంట్లో పెద్దామె పెట్టిన పేరుతో సాహిర్ ఫాషిల్ అంటున్నాడు. పనికిరాని మంత్రగాడని అర్థం. పదో తరగతి తర్వాత నాకు వచ్చిన బిరుదు ఇదొక్కటే, ఉంచుకున్నాను.

ఈరోజు మళ్లీ ఆ గదికి పోతే రెడ్డెమ్మ బయటికి వచ్చింది. నీ చీర కట్టుకుని ఉంది. నేను క్షమించమనడానికి సిద్ధం చేసుకున్న మాటలు మొదలుపెట్టగానే చెయ్యి అడ్డం పెట్టింది. "అన్నా, ఆ యింట్లో నేను కూడు తినల్ల. ఆ యమ్మ మొగం చూసి బతకల్ల. అది నువ్వు లెక్కలోకి తీసుకోలా" అంది. గట్టిగా అనలేదు. పుల్లయ్య గదిలోనే ఉన్నాడు, కలగజేసుకోలేదు.

అవునన్నాను. ఇన్నాళ్లూ ఆమె చెయ్యి చూశాను, చుక్కలు చూశాను, గీత చూశాను. ఆ గీత ఎవరి వాకిట్లో పడుతోందో చూడలేదు. పుస్తకం ఆపేస్తున్నానని చెప్పాను. ఆమె గాజులు సర్దుకుంది.

"ఆపొద్దు," అంది తర్వాత. "మా అవ్వ కతలు యెవురూ అడగలా యిన్నాళ్లు. నువ్వడిగినావు. నా పేరు ఎయ్యొద్దు. మా అవ్వ పేరెయ్యి."

అందుకని పుస్తకం ఉంటుంది. గురమ్మ చెప్పిన కథలు. లెక్క చివర ఒక పేజీ ఉంటుంది, అందులో ప్రొఫెసరు చెప్పిన పాతవాళ్ల మాట ముందు, నా మాట వెనక. ఆ దయ్యం కథ రెడ్డెమ్మ ఈరోజు మొదటి నుంచి చివరిదాకా మళ్లీ చెప్పింది. నేను కలం తీయకుండా విన్నాను. అందులో దయ్యం ఆడది, అది తిరగడం దారి తెలియక కాదు, లోపల ఉన్న తన బిడ్డను ఒకసారి చూడాలని. ఇది ఇంతకుముందు నాకు చెప్పలేదేమంటే, నేను ఎప్పుడూ గీత దగ్గరే ఆపేసి లెక్క మొదలుపెట్టేవాణ్నట.

నీ తమ్ముడు,
శ్యాంసుందర్


మెట్‌పల్లి
2 ఫిబ్రవరి 2025

తమ్మీ శ్యామూ,

నీ ఉత్తరం బీడీల దగ్గరికి పట్టుకుపోయాను. మొదట నాలో నేనే చదువుకుంటుంటే, నేను కళ్లు తుడుచుకోవడం చూసి ఏమైందని పక్కవాళ్లు సైగ చేశారు. పెద్దగా చదివి వినిపించాను. సాహిర్ ఫాషిల్ దగ్గర అందరూ నవ్వారు. దయ్యం బిడ్డ దగ్గరికి వచ్చేసరికి ఒక్కరి చెయ్యి కూడా ఆకు మీద లేదు.

తర్వాత వాళ్లలో వాళ్లకు పెద్ద తగువు అయింది. నోళ్లు కదులుతున్నాయి, చేతులు తిరుగుతున్నాయి, నాకు ఒక్కటీ వినబడదు. వాళ్లలో ముత్తెవ్వ అనే ఆమె నా ఒళ్లోంచి కాగితం లాక్కుని ఏదో రాసి చూపింది. వాళ్ల ఊళ్లో ఆ దయ్యం బిడ్డను చూసే పోతుందట, ఇంటివాళ్లే కావాలని గీతను ఒక చోట తెరిచి పెడతారట. అది చదివి నేను పెద్దగా చెబితే, ఇంకొకామె కలం లాక్కుంది. కాదు, అది దయ్యమే కాదు, పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల అని రాసింది. పొద్దుగూకేదాకా ఒకరి తర్వాత ఒకరు రాశారు, రాయడం రానివాళ్లు పక్కవాళ్ల చేత రాయించారు. ఆ రోజు నాకు ఏదీ తప్పిపోలేదు. ఎవరు ఏమన్నారో అంతా తెలిసింది. ఈరోజు కూడా ముత్తెవ్వ కలం తెచ్చుకుని వచ్చి నా పక్కన కూర్చుంది.

ఆ కాగితాలన్నీ కోడలు ఫొటో తీసి పంపుతోంది. ఏ రెండూ కలవవు. కలపబోకు, అందులో ఏది నిజమో తేల్చబోకు. ఎవరి పేరు కింద వాళ్ల కథ రాసి పెట్టు. వేయొద్దన్నవాళ్ల పేరు మాత్రం వేయకు, ముందే అడుగు.

రెడ్డెమ్మకు ఆకుపచ్చ నప్పిందా? అది రాయలేదు నువ్వు.

మీ అక్క,
గంగామణి